టకువాన్ పొట్ట కింద వెచ్చదనం

గుడి ఇల్లు, యమగాత కొండలు
అక్టోబరు చివర

చిరంజీవి షుంగోకి,

ఉత్తరం మొదట్లో ఆకుల రంగు గురించి రెండు ముక్కలు రాయాలట. ఎర్రబడ్డాయి, రాలుతున్నాయి, ఊడ్చేది నేనే. ఆ మర్యాద అయిపోయింది.

ఆచారం ప్రకారం మఠం గడప మీద తల ఆనించి రెండు రోజులు పడి ఉన్నావనీ, పొమ్మని గెంటినా పోలేదనీ, చివరికి లోపలికి రానిచ్చారనీ మీ నాన్నకి కబురొచ్చింది. "ఊఁ" అన్నాడు. అంతకన్నా పెద్ద సంతోషం ఆ మనిషి దగ్గర లేదని నీకు తెలుసు. నేను మాత్రం శుభకార్యానికి వండినట్టు అజుకి గింజలేసి ఎర్రన్నం వండాను. నువ్వక్కడ శిక్షణ పూర్తి చేసుకొస్తేనే కదా మీ నాన్న తర్వాత ఈ గుడి తలుపు తెరిచే మనిషంటూ ఉండేది. ఊరివాళ్లంతా ఆ మాటే అంటున్నారు. నేను అనను. వండుతాను.

ఇక నీ బల్లి. టకువాన్ దొరగారు బాగానే ఉన్నారు. ముల్లంగి ఊరగాయ పేరు పెడితే ఎందుకురా అనుకున్నాను గానీ, ఆ పసుప్పచ్చటి లావు తోక చూస్తుంటే జాడీలోంచి తీసిన ముక్కలాగే ఉంది. కియోతోలో నీ కాలేజీ గదిలో పెరిగినవాడు, ఈ కొండల చలికాలం చూడబోవడం ఇదే మొదలు. నువ్వు చెప్పినట్టే గాజుపెట్టె కింద ఒక పక్కకి ఆ వేడి పలక ఉంచాను. రోజు విడిచి రోజు ట్యూబులోంచి పురుగుల ముద్ద పిండి పుల్లతో అందిస్తున్నాను. ఆ ట్యూబు ఫ్రిజ్‌లో ఆవముద్ద పక్కన పెట్టడం నాదే తప్పు. మొన్న మీ నాన్న దాన్ని సేమ్యాల మీద పిండుకోబోయాడు. చివరి క్షణంలో కేకేశాను. "రంగు బాగానే ఉందే" అన్నాడు.

ఒక్క సంగతి. పలక ప్లగ్గు ఎప్పుడూ తియ్యొద్దన్నావు. అది కుదరదు. పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి ఒక్కొక్క ప్లగ్గూ పీకి "నిప్పు లేదు" అని పైకి చెప్పడం ఈ ఇంటి పద్ధతి. మా అమ్మ చెప్పేది, ఇప్పుడు నేను చెబుతున్నాను. పెద్ద మందిరం కాలిపోయిన ఏడాది నుంచి తప్పలేదు. ఫ్రిజ్ ఒక్కటే మినహాయింపు, అదీ మీ నాన్న టోఫు కోసం పోట్లాడి సాధించుకున్నాడు. కాబట్టి రాత్రి పీకుతున్నాను, పొద్దున పెడుతున్నాను. పగలంతా వెచ్చగానే ఉంటున్నాడుగా, చాలదూ?

వేళకి తిను.
ఫుసాయె అత్త

*

శిక్షణ మఠం, గిఫు కొండలు
నవంబరు

అత్తా,

ఇక్కడ ఫోన్ లేదు, తీరికా లేదు. నాలుగు, తొమ్మిది వచ్చే తేదీల్లో తల గొరుక్కుంటాం, చిరుగులు కుట్టుకుంటాం. ఉత్తరం రాసుకోవాలన్నా అప్పుడే. అందుకే సూటిగా రాస్తున్నాను.

చాలదు. వాడు రాత్రి జీవి. పగలు నువ్వు పెట్టే వేడిలో నిద్రపోతాడు. మనం పడుకున్నాకే వాడికి తెల్లవారుతుంది. తిన్నది అరగాలంటే వాడి పొట్టకి కిందనుంచి వేడి తగలాలి. మనలాగా వాడి ఒంట్లో సొంత పొయ్యి ఉండదు. ఆ పలక చెయ్యి పెడితే కాలేదేం కాదు, నీ అరచేతికన్నా కాస్త వెచ్చన, అంతే.

ఇంకో మాట. ముద్దొచ్చి పలకని పెట్టె అడుగంతా పరచకు. మూడో వంతు మాత్రమే వెచ్చగా ఉండాలి, మిగతాది చల్లగా వదిలెయ్యాలి. ఎక్కడ ఉండాలో వాడే చూసుకుంటాడు. పారిపోయే చోటు లేని వేడి చలికన్నా చెడ్డది.

టోఫుకి ఇచ్చిన మినహాయింపు టకువాన్‌కి ఇవ్వలేవా?

ఇక్కడ భోజనానికి రోజూ ముల్లంగి ఊరగాయే. కరకరమని చప్పుడు రాకుండా నమలాలి. వస్తే దెబ్బలు. వాడి తోక గుర్తొచ్చి నమలబుద్ధి కాదు.

నేను బాగున్నాను.
షుంగో

*

గుడి ఇల్లు
నవంబరు, తొలి మంచు

ఒరేయ్ షుంగో,

టోఫుని మధ్యలోకి లాగకు. ప్లగ్గు సంగతి వదిలెయ్. చలికి మనుషులు కరెంటు లేకుండానే వెయ్యేళ్లు బతికారు, ఒక బల్లిని బతికించలేనా అని నేను నడుం కట్టాను.

మొదట జేబులో పెట్టుకునే వేడి పొట్లాలు తెచ్చాను. పెట్టె కింద వరసగా పేర్చి, పైన దళసరి దుప్పటి గాలి చొరకుండా చుట్టాను. పొద్దున చూస్తే అన్నీ రాళ్లల్లే చల్లగా ఉన్నాయి. పాడైపోయాయని దుప్పటి తీసి పక్కన పెట్టానో లేదో, గాలి తగిలి ఒక్కసారిగా రాజుకున్నాయి. గాలి ఆడకపోతే అవి పనిచెయ్యవట, పొట్లం మీదే రాసి ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే కదా. టకువాన్ అవతలి మూలకి పోయి గోడకి అతుక్కున్నాడు.

తర్వాత కొతత్సు. బల్ల కింద హీటర్, పైన దుప్పటి, కాళ్లు పెట్టుకుంటే మనకే ప్రాణం లేచొస్తుంది, వాడికి మాత్రం చేదా అని పెట్టెని దుప్పటి కిందకి తోశాను. చెప్పకపోవడం నా తప్పే. మీ నాన్న వచ్చి కాళ్లు చాపాడు. పెట్టె మూత పక్కకి జరిగింది, నీ దొరగారు ఆయన మడమ ఎక్కారు. నలభై ఏళ్లు ధ్యానం చేసిన మనిషి వేసిన కేక కొండ కింద బస్‌స్టాపు దాకా వినబడిందట.

ఇప్పుడు వేడినీళ్ల డబ్బా పెడుతున్నాను, గుడ్డ చుట్టి, ఒక పక్కకే, నీ మూడో వంతు లెక్కలోనే. బాగుంది. తెల్లారేసరికి చల్లారుతుంది, అంతే.

తిండి కాస్త తగ్గించాడు. చలికాలం ఎవరికైనా అంతేగా. తోక కూడా సన్నబడి అందంగా ఉన్నాడు.

నీ గురించి ఒక్క ముక్కే రాశావు. బాగున్నానని. మంచిది.
అత్త

*

శిక్షణ మఠం
నవంబరు ఆఖరు

అత్తా,

తోక సన్నబడితే అందం కాదు. వాడు దాచుకున్న కొవ్వంతా ఆ తోకలోనే ఉంటుంది. అది కరిగిపోతోందంటే తనని తాను తింటున్నాడని అర్థం. నీ చిటికెన వేలంత ఉందా, పెన్సిలంత ఉందా? దాచకుండా రాయి.

ఆ నీళ్ల డబ్బా అర్ధరాత్రికే చల్లారి ఉంటుంది. సగం వేడిలో తిన్నది పొట్టలో కుళ్లుతుంది. అంతకన్నా తిండి పెట్టకపోవడమే మేలు.

చేపల కొట్టువాడి దగ్గర తెల్ల థర్మోకోల్ పెట్టెలు ఉంటాయి, అవి అడిగి తెచ్చి గాజుపెట్టెకి రెండు పక్కలా, వెనకా గోడలా పెట్టు. వేడి నిలుస్తుంది. టౌనులో పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్తే ఎర్ర బల్బు అంటగడతారు. వద్దు. అది భగభగమంటుంది, వాడి చర్మం ఎండగొడుతుంది, నీకు నిద్ర లేకుండా చేస్తుంది. వెలుగులేని పలకలే అడుగు. ఒకటి కింద, పొట్టకి. ఇంకొకటి మూతకి, లోపలి గాలికి. రెండూ పట్టిచూస్తే కాలనివి. వేడి మితిమీరితే తనంతట తానే ఆపేసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని మధ్యలో తగిలించు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో నాకే తెలీదు. చివరికి నువ్వు వచ్చి పీకేస్తావు. కాలిపోయిన మందిరం కోసం బతికున్నవాణ్ణి చంపుతావా? నీవల్ల కాకపోతే చెప్పు, కియోతోలో నా స్నేహితుడికి ఇచ్చెయ్యమంటాను.

డిసెంబరు మొదటి వారం అంతా రాత్రింబవళ్లు ధ్యానంలో కూర్చునే ఉండాలి, పడుకోనివ్వరు. ఉత్తరాలు ఉండవు.

కుంచె కొత్తది. రాత వంకరగా ఉంటే అందుకే.
షుంగో

*

గుడి ఇల్లు
డిసెంబరు

నాయనా షుంగో,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు టకువాన్ తిన్నది కక్కాడు. కోపం పోయింది.

దాచాను. పెన్సిలు కాదు, ఇంకా సన్నం. వెన్ను ఎముక కనిపిస్తోంది. తిండి చూపిస్తే తల తిప్పేసుకుంటున్నాడు.

వాణ్ణి చిన్న డబ్బాలో పెట్టి, డబ్బాని నా దూది కోటు లోపల పెట్టుకుని, మంచులో బస్సెక్కి టౌనులో జంతువుల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. పక్క సీటావిడ "మనవడికి వేడి బన్ను తీసుకెళ్తున్నారా" అని అడిగింది. అవునన్నాను. డాక్టరమ్మ నువ్వు చెప్పిందే చెప్పింది. రాత్రి వెచ్చదనం లేక ఇలా అయ్యాడు. ఇంకో నెల ఇలాగే సాగితే ఉండడు. నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది.

ఇప్పుడు నా మాట విను. మందిరం నాకు పదకొండేళ్లప్పుడు కాలింది. ఎవరి తప్పూ లేదు. ఎవరూ లేని గదిలో ప్లగ్గుకి దుమ్ము పట్టింది, తడి ఎక్కింది, అంటుకుంది. పక్కగదిలో మీ నాన్న నిద్రపోతున్నాడు, నాలుగేళ్లవాడు. వీపున వేసుకుని బయటికి వచ్చాను. ఆయన గుండు మీద ఎడమ చెవి వెనక నున్నగా మెరిసే మచ్చ నువ్వు చిన్నప్పుడు ముట్టుకుని ఆడుకునేవాడివి, అది ఆ రాత్రిది. ఆ రోజు నుంచి మనిషి మెలకువగా లేని గదిలో ప్లగ్గు ఉంటే నాకు నిద్ర రాదు. పద్ధతి పద్ధతి అంటాను గానీ, పద్ధతి కాదు. భయం. అదీ సంగతి.

మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను. నీ బల్లిని చంపలేను. ఏదో ఒకటి చేస్తాను.

ఇంకొకటి. నీ ఉత్తరం మీ నాన్నకి చూపించాను. చదవలేదు. కాగితాన్ని వెలుతురుకి పెట్టి రాత చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, లేచిపోయాడు. చూస్తే పాత మందుల పెట్టె తీసి, ఆయన మఠంలో ఉన్నప్పుడు చలి పగుళ్లకి వాడిన గుర్రం కొవ్వు లేపనం కోసం వెతుకుతున్నాడు. "కుంచె కాదక్కా, వేళ్లు" అన్నాడు. డబ్బీ ఎండిపోయింది. కొత్తది పంపుతున్నాడు. అక్కడ పుచ్చుకోనిస్తారో లేదో.

నీ చేతులు ఎలా ఉన్నాయి? దాచకుండా రాయి.
అత్త

*

శిక్షణ మఠం
జనవరి

అత్తా,

లేపనం అందింది. పెద్దవాళ్లు చూసి నవ్వి ఇచ్చేశారు.

చేతులు వాచి, కణుపుల దగ్గర పగిలాయి. కాళ్లు ఇంకా ఘోరం. భిక్షకి గడ్డి చెప్పులతో మంచులో నడుస్తాం, మేజోళ్లు ఉండవు. తిరిగొచ్చి చన్నీళ్లలో గుడ్డ పిండి నేల తుడుస్తాం. పడుకునేది ఒక్క చాపంత చోటు. ఇవన్నీ నాన్న కూడా పడ్డాడు, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు.

డిసెంబరు వారం గడిచాక నేను మూట కట్టుకున్నాను. రెండుసార్లు విప్పాను. ఇప్పుడు మళ్లీ కట్టి ఉంది.

టకువాన్‌ది నా బాధ్యత. నీ భయం తెలియక ఏదేదో రాశాను, క్షమించు. ఆ రాత్రి సంగతి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. నీ మీద ఈ భారం పెట్టి నేనిక్కడ కళ్లు మూసుకుని కూర్చోవడంలో అర్థం లేదు. ఫిబ్రవరి మొదట్లో వచ్చేస్తాను. వాడి పెట్టె నా గదిలో పెట్టుకుని నేనే మేలుకుంటాను. మఠంలో ఏం చెప్పి రావాలో ఇంకా తేలలేదు. బల్లికి జబ్బు చేసిందని చెప్పి జెన్ శిక్షణ మానుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అవుతానేమో.

వాడు బతికే ఉన్నాడా? అదొక్కటి ముందు రాయి.
షుంగో

*

గుడి ఇల్లు
జనవరి ఆఖరు

షుంగో,

బతికే ఉన్నాడు. మిగతాది నెమ్మదిగా చదువు.

నువ్వు చెప్పిన సామానంతా తెచ్చాను. ఎర్ర బల్బు అంటగట్టబోయారు, నీ మాట చెప్పాను. వెలుగులేని పలకలు రెండు, తనే ఆగిపోయే ఆ చిన్న పెట్టె. చేపల కొట్టు నుంచి థర్మోకోల్ పెట్టెలు తెచ్చి నాలుగుసార్లు కడిగాను, అయినా గదంతా ఎండుచేపల వాసనే. ప్లగ్గు రోజూ పొడిగుడ్డతో తుడుస్తున్నాను. ఆ రాత్రి తియ్యకుండా వదిలాను. "నిప్పు లేదు" అనబోయి ఆగాను. ఉంది కదా మరి. అందుకని పరుపు ఆ గదిలోకి మార్చుకున్నాను. మనిషి మెలకువగా ఉంటే పద్ధతి తప్పినట్టు కాదు, అని నాకు నేనే చెప్పుకున్నాను.

అలా కొన్నాళ్లు కూర్చున్నాను. పగలు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మీ నాన్న అలాగే తిన్నాడు. తర్వాత ఒక రాత్రి తన చాప, దిండు పట్టుకుని వచ్చాడు. "అక్కా, నువ్వు పడుకో. ఎలాగూ కూర్చోవడమే నా పని" అన్నాడు. మోకాళ్లు నొప్పులని ఆయన ధ్యానానికి కూర్చోవడం మానేసి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. ఇప్పుడు రోజూ బల్లి ముందు కూర్చుంటున్నాడు. టకువాన్ ఆయన్నే చూస్తూ ఉంటాడు, రెప్ప వెయ్యడు. "నాకన్నా బాగా కూర్చుంటున్నాడు" అన్నాడు మీ నాన్న, కాస్త అసూయగానే.

మొన్న పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి తెల్లగా తెల్లారిపోయింది. మీ నాన్న కూర్చున్నచోటే గోడకి తల ఆనించి గురక పెడుతున్నాడు. నేనూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఇద్దరం నిద్రపోయాం, షుంగో. ప్లగ్గు గోడకే ఉంది. ఇల్లు ఇల్లులాగే ఉంది. నేను ఏడ్చాను. ఆయన లేచి నన్ను చూసి, చెవి వెనక గోక్కున్నాడు.

అప్పటి నుంచి రాత్రుళ్లు ఇద్దరం నిద్రపోతున్నాం. ప్లగ్గు ఉంటోంది. ఇప్పుడు ఇల్లంతా తిరిగి "నిప్పు లేదు, టకువాన్‌కి తప్ప" అంటున్నాను.

నిన్న తిన్నాడు. పుల్ల చివరిదాకా వచ్చి లాక్కున్నాడు. అరిగింది కూడా, గుర్తులు చూశాను, వర్ణించను. తోక పెన్సిలంత అయింది, చిటికెన వేలు దాకా వెళ్తాడు.

కాబట్టి బల్లి కోసం రానక్కర్లేదు. ఆ వంక పోయింది.

నీకోసం రావాలనుకుంటే అది వేరే మాట. నువ్వే రాశావు, వెచ్చటి మూల ఒకటి ఉంచి మిగతాది చల్లగా వదిలెయ్యాలని, ఎక్కడ ఉండాలో వాడే చూసుకుంటాడని. నీ పరుపు ఎండలో వేసి, మడిచి, అలమరలో పెట్టాను. వస్తే వెయ్యడమే పని. ఊరివాళ్ల మాట నేను చూసుకుంటాను, గుడి మాట మీ నాన్న చూసుకుంటానన్నాడు. అవును, ఆయనే అన్నాడు. నువ్వు రాకపోయినా ఆ పరుపు అక్కడే ఉంటుంది.

కాళ్లకి కూడా లేపనం రాయి.
అత్త

*

శిక్షణ మఠం
ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనానికి ముందు ఇచ్చారు. నడవాలో నిలబడి చదివాను. "నిన్న తిన్నాడు" అన్న చోటికి వచ్చేసరికి గంట మోగింది, మడిచి చొక్కాలో పెట్టుకుని వెళ్లి వరసలో కూర్చున్నాను.

గంజి, ఉప్పు, రెండు ముల్లంగి ముక్కలు. ఇన్ని నెలలుగా నేను ఆ ముక్కని నోట్లో నానబెట్టి నానబెట్టి మింగుతున్నాను. ఆ పూట ఏమైందో తెలీదు, ఆకలేసింది. కొరికాను. హాలంతా నిశ్శబ్దంగా ఉంది కదా, మంచు మీద కర్ర విరిగినట్టు వినిపించింది. వరసలో ఒక్కరూ తల తిప్పలేదు. పెద్దాయన వచ్చి భుజం మీద రెండు తగిలించారు.

రెండో ముక్క కూడా అలాగే తిన్నాను.

మూట విప్పాను. ఈసారి తాడు కూడా విప్పి, భిక్ష సంచీ చిరిగితే దాని పోగుతో కుట్టుకున్నాను. వేసవిలో కొన్నాళ్లు ఇంటికి పంపుతారట, అప్పుడొస్తాను. పరుపు మడిచే ఉంచు.

ఇక్కడ ఈ నెల నుంచి రాత్రి మఠమంతా తిరిగి పొయ్యిలు, దీపాలు చూసి రావడం నా వంతు. ప్రతి గుమ్మం దగ్గరా నిప్పు లేదని పైకి చెప్పాలి. ఎలా చెప్పాలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. నీ గొంతుతోనే వచ్చేసింది.

ప్లగ్గు పీకకు.
షుంగో